దొరసానికి ఎవరెన్ని గడ్డలు పెట్టారు

కొత్తగా ఉద్యోగం దొరికిన రోజుల్లో మనిషికి ఒక జబ్బు చేస్తుంది. తనకు మొన్ననే తెలిసిన సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియదనీ, తాను వెళ్లి చెప్పకపోతే లోకం ఎక్కడిదక్కడ ఆగిపోతుందనీ గట్టిగా అనిపిస్తుంది. నాకు ఆ జబ్బు ఇరవై రెండో ఏట తగిలింది. అప్పుడప్పుడే తెలంగాణ వచ్చింది. ఊళ్లలో చెరువుల పూడిక తీస్తున్నారు, ఆఫీసుల బోర్డుల మీద రాష్ట్రం పేరు చెరిపి కొత్తగా రాయిస్తున్నారు. నేను పశుపోషణలో డిప్లొమా పట్టుకుని, ఒక పాల సంఘంలో పశుగ్రాసం సహాయకురాలిగా చేరి, వాయిదాల మీద కొన్న స్కూటీ ఎక్కి చిట్యాల చుట్టుపక్కల ఊళ్లన్నీ ఉద్ధరించడానికి బయలుదేరాను. (ఆ ఊళ్లు నన్ను రమ్మన్నాయా అని అడగాలని నాకు తోచలేదు.)

ఉద్ధరించడానికి నేను పట్టుకున్న ఆయుధం ఒక గడ్డ. చలికాలం ముదిరి, గట్ల మీద పచ్చగడ్డి ఎండిపోయి, పాడి పశువులు పాలు తగ్గించే రోజుల్లో పనికొస్తుందని మా సంఘం వాళ్లు ఎక్కడినుంచో పశువుల బీట్‌రూట్ విత్తనాలు తెప్పించారు. మనం కూరొండుకునే బీట్‌రూట్‌కు ఇది పెద్దన్న లాంటిది. ఒక్కోటి రెండు కిలోలు సునాయాసంగా తూగుతుంది. పసుపూ ఎరుపూ కలిసిన తొక్కతో, సగం భూమి లోపల సగం పైన ఉండి, దూరం నుంచి చూస్తే ఎవరో కొందరిని మెడ దాకా పాతిపెట్టి వెళ్లినట్టు కనిపిస్తుంది. దాన్ని పశువులకు పెట్టడంలో ఒకటే మెలకువ. ఆ మెలకువ మాకు నేర్పిన పైఅధికారిని మేమంతా చాటుగా 'మెల్లగా సారు' అనేవాళ్లం. "చూడమ్మా, బర్రె కడుపు అంటే ఒక ఊరు. కొత్త మేత ఆ ఊరికొచ్చిన కొత్త కోడలు. మొదటి రోజు కిలో. నాలుగు రోజులు పోయినంక రెండు కిలోలు. మట్టి కడిగి, ముక్కలు కోసి, ఎండు గడ్డితోటి కలిపి పెట్టాలె. ఎక్కువ తీపి ఒక్కసారి కడుపుల పడ్డదంటే పులిసిపోయి ప్రాణం మీదికి వస్తది. అందుకే, మెల్లగా" అని ఆయన చెప్పినదంతా నేను నోట్సులో రాసుకుని, చివరి మాట కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ గీతల సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విత్తనాలు ఎవరూ తీసుకోలేదు. పాల సెంటర్ దగ్గర పొద్దున్నే క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లకు నేను గడ్డ బొమ్మ చూపిస్తూ గంటసేపు చెప్తే, ఒక పెద్దమనిషి చివరిదాకా ఓపికగా విని, "ఆకు బర్లకు, గడ్డ మనుషులకు అంటే సమజైతది. గడ్డ గూడ బర్లకే పెడితే మేమేం దినాలె మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నా స్కూటీ చప్పుడు వినిపిస్తే చాలు, "గడ్డల మేడం వస్తాంది" అని పిల్లలు కేక పెట్టేవారు. మెల్లగా సారు ఫోన్ చేసి, కనీసం ఒక్క చోటైనా పంట వేయించి, నాలుగు ఊళ్ల రైతులను పిలిచి ఫీల్డ్ డే చేయాలన్నారు. ఇక నాకు మిగిలింది నేను ఉంటున్న ఇల్లే.

అది మా మేనత్త ఇల్లు. చిట్యాల నుంచి లోపలికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉండేది. ఇంట్లో అత్తమ్మ, మామ, మామ వాళ్ల అమ్మ (మేమందరం అవ్వ అనేవాళ్లం), వాళ్లందరి మీదా పెత్తనం చేసే ఒక బర్రె. దాని పేరు దొరసాని. ఆ పేరు అత్తమ్మే పెట్టింది. నిన్నటి గడ్డి ఇవాళ ముట్టదు. కుడితిలో తవుడు తక్కువైతే గోలెం తన్నేస్తుంది. అత్తమ్మ తప్ప ఎవరు పొదుగు కింద కూర్చున్నా పాలు పైకి గుంజుకుంటుంది. ఒకసారి అత్తమ్మ పెళ్లికి పోతూ కొత్త చీర కట్టుకుని పిండబోతే, ఎవరో అనుకుని ఆమెను కూడా రానివ్వలేదు. మళ్లీ పాత చీర కట్టుకుని వస్తేగాని పాలు చేపలేదు.

"అత్తమ్మా, బాయి కాడ జర ఐదు గుంటలియ్యవా?" అని నేను గారాలు పోతే, "ఇయ్యాల నీ గడ్డలకు ఐదు గుంటలంటవు, రేపు మీ సార్ల కుర్సీలకు పదంటవు. పోవే" అని చీపురు అందుకుంది. అప్పుడు నేనొక అబద్ధం ఆడాను. మరీ పెద్దదేం కాదు గానీ, బాగా ఏపుగా పెరిగే రకం. తలొంచుకుని, గొంతు సన్నం చేసి, "ఈ పంట పండి, ఫీల్డ్ డే నాడు బర్రె రెండు లీటర్లు ఎక్కువియ్యకపోతే నన్ను నౌకరి నుంచి తీసేస్తరట అత్తమ్మా" అన్నాను. నిజానికి సారు అన్నది, ఫీల్డ్ డే అయ్యాక నీ కాంట్రాక్టు సంగతి చూద్దామని మాత్రమే. రెండు లీటర్ల మాట నా సొంతం. అత్తమ్మ చీపురు ఆగిపోయింది. మంచం మీద రేడియో మరమ్మతు చేసుకుంటున్న మామ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. చెవులు సరిగా వినబడవని మేమంతా నమ్ముతున్న అవ్వ, వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నదల్లా తలెత్తి నా వైపు చూసింది. "సరే తియ్. కానీ సూడు, నా బర్రె పాలు గిట్ట తగ్గినయంటే నిన్ను పిండుత" అంది అత్తమ్మ.

వినాయక చవితి వెళ్లిన వారంలో విత్తాం. డిసెంబరు దాటి, పొద్దున పూట నోట్లోంచి పొగలొచ్చేంతగా చలి ముదిరేసరికి బాయి దగ్గర ఐదు గుంటల నిండా గడ్డలు తలలు బయటపెట్టాయి. మొదటి రోజు నేను కిలో తూచి, కడిగి, కత్తిపీట మీద పలుచగా కోసి, వరిగడ్డిలో కలిపి దొరసాని ముందు పెట్టాను. ఊళ్లో సగం మంది కొట్టం చుట్టూ చేరారు. దొరసాని ముక్కు ఎగబీల్చి, ఒక ముక్క నాలుకతో తీసుకుని, కళ్లు అరమూతలు పెట్టి చాలాసేపు నమిలింది. తర్వాత గడ్డి పక్కకు తోసి ముక్కలన్నీ ఏరుకు తినేసి, నా చేతులు వాసన చూసి, నా చున్నీ కొస కూడా నోట్లో పెట్టుకుంది. "గడ్డల మేడానికి చుట్టం దొరికింది" అన్నారెవరో. రెండు వారాలు సారు చెప్పినట్టే చేశాను. నాలుగు కిలోల దాకా వచ్చాం. పాలు పూటకు పావు లీటరు పెరిగాయి. నేను ఎగిరి గంతేస్తే, అత్తమ్మ మాత్రం "చలి జర తగ్గింది గదా, గందుకే" అని తీసిపారేసింది. మామ అయితే, "గడ్డలు దిని పాలిచ్చుడేంది, మేం సచ్చేదాక సూడలె" అని పెదవి విరిచేవాడు.

ఇంతలో సారు ఫోన్. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసర్లు ఇద్దరు ఎల్లుండే ఇటు వస్తున్నారట, పది రోజుల తర్వాత అనుకున్న ఫీల్డ్ డే ఎల్లుండే పెట్టేద్దామన్నారు. పావు లీటరు చూపించి హైదరాబాదు వాళ్లను ఏం మెప్పిస్తాను? ఆ మాట ఇంట్లో చెప్పి, అన్నం కలుపుతూనే కూర్చున్నాను. "ఎందుకే గట్ల మొఖం పెట్టినవు, ఏమైతే గదైతది" అంది అత్తమ్మ. మామ చారు పోసుకున్నాడు. అవ్వకు వినబడలేదు (అనుకున్నాం).

మరుసటి రోజు మధ్యాహ్నం ఇంట్లో అవ్వ తప్ప ఎవరూ లేరు. అత్తమ్మ పత్తి ఏరడానికి పోయింది, మామ కుర్సీలు మాట్లాడి వస్తానని చిట్యాల పోయాడు, అవ్వ గోడ నీడన గొంగడి కప్పుకుని కునుకు తీస్తోంది. నేను కొట్టంలోకి వెళ్లి దొరసానిని చూశాను, దొరసాని నన్ను చూసింది. ఒక్కరోజుకు ఏమైతుంది అనిపించింది. బీరువాలో ఉన్న డిప్లొమా, నోట్సులోని రెండు గీతలు, కొత్త కోడలు కథ ఏవీ అడ్డం రాలేదు. మూడు గడ్డలు కోసి గంపలో పెట్టాను. మనసులో మాత్రం, 'సైన్సు అన్నాక కొంచెం ధైర్యం చేయాలి' అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నాను. దొరసాని తిన్నంత సేపు నాకు అడ్డొచ్చిన ఆలోచన ఒక్కటే, రేపు రెండు లీటర్లకు బిందె సరిపోతుందా అని.

తెల్లవారి అత్తమ్మ కేకకు లేచి పరిగెత్తాను. దొరసాని తల వేలాడేసి నిలబడి ఉంది. ఎడమ పక్క డొక్క డోలులా ఉబ్బింది. పళ్లు కొరుకుతోంది. కాళ్ల చుట్టూ నీళ్లలాంటి పేడ, కొట్టమంతా పులిసిన కల్లు వాసన. పాలు అర లీటరు కూడా రాలేదు. అవతల బడి ముందు షామియానా గుంజలు పాతుతున్న చప్పుడు. నేను పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. నా అదృష్టం, ఆయన పక్క ఊళ్లోనే ఉన్నాడు. అర గంటలో వచ్చి, డొక్క నొక్కి, పేడ వాసన చూసి, సంచీలోంచి సొట్ట పడిన ప్లాస్టిక్ సీసా తీసి, సూటిగా మా నలుగురి వైపు చూశాడు.

"కడుపుల పులిసింది. నిన్న ఎన్ని గడ్డలు పెట్టిన్రు?"

"రోజులాగనే సార్, నాలుగు కిలోలు" అన్నాను.

"అమ్మా, గిది నాలుగు కిలోల పేడ గాదు. ఎంత తిన్నదో నిజం చెప్తే ఎంత సోడా తాపాలెనో తెలుస్తది. లేకపోతే బర్రె పోతది. నీ ఇష్టం."

అప్పటికే గోడ అవతల నుంచి ఎదురింటామె, ఆమె వెనక ఇంకో పది మంది తొంగి చూస్తున్నారు. దొరసాని ఒకసారి మూలిగింది. ఆ మూలుగుతో నా చదువంతా కరిగి కన్నీళ్లయింది. "ఇంకో మూడు గడ్డలు పెట్టిన సార్. మధ్యాహ్నం. ఎవరికి చెప్పలె" అన్నాను. అత్తమ్మ నా వీపు మీద ఒకటి వేయడానికి చేయెత్తింది. డాక్టరు లెక్క వేసుకుని తల అడ్డంగా ఊపాడు. "మూడు గడ్డలకు గింత ఉబ్బదు. ఇంకెవరు పెట్టిన్రు?"

మామ ఆకాశం వైపు చూశాడు. అక్కడేమీ లేదు. తర్వాత భుజం మీది తువాల తీసి మొహం తుడుచుకుని, "నేను గూడ పొద్దున... చిట్యాల పోయేముందు... మూడు. చిన్నయే" అన్నాడు. అత్తమ్మ ఎత్తిన చేయి నా వైపా, మామ వైపా అన్నట్టు గాల్లోనే ఆగిపోయింది. "ఆరు గడ్డలు" అని లెక్క చెప్పి డాక్టరు అత్తమ్మ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె చేయి మెల్లమెల్లగా కిందికి దిగింది. "గిదేందయ్య, నన్నెందుకు సూస్తవు?" అంది. ఆయన కదల్లేదు. "నాలుగు" అంది అత్తమ్మ నేల చూస్తూ. "సందాల పాలు పిండినంక. ముక్కలు జేసే పెట్టిన. పిల్ల నౌకరి పోతదంటే..." ఆ మాట పూర్తి చేయకుండా నన్ను తిట్టడం మొదలుపెట్టింది. "అంతా దీని మూలంగనే. రెండు లీటర్లట, తీసేస్తరట!"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గడ్డలంటే మూతి తిప్పుకున్న మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, నా ఉద్యోగం నిలబెట్టడానికి దొంగల్లా కొట్టంలోకి వెళ్లారన్నమాట. డాక్టరు సోడా కలపబోతుంటే గోడ దగ్గర్నుంచి సన్నగా, చాలా మర్యాదగా ఒక గొంతు వినిపించింది. "నావి రెండు రాసుకో బిడ్డా." అవ్వ! నడుము వంగి, కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేని అవ్వ. "నీకు మా మాటలు ఎట్ల ఇనబడ్డయే?" అని మామ నోరు తెరిస్తే, "అవసరమున్నయి ఇనబడ్తయి" అంది.

లెక్క ఇరవై కిలోలు దాటింది. డాక్టరు వంటసోడా నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాపించాడు. పల్లినూనె పట్టించాడు. డొక్క మర్దన చేయించి, మెల్లగా నడిపిస్తూ ఉండమన్నాడు. మామ పలుపు పట్టుకుంటే అత్తమ్మ వీపు నిమురుతూ, ముందు రోజు వరకు పెంకి ముండా అని తిట్టిన నోటితోనే "మా అమ్మ గదా, మా తల్లి గదా" అంటూ వాకిట్లో తిప్పుతోంది. ఆమె కళ్లలో నీళ్లు చూస్తే నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందన్న అబద్ధానికి ఎప్పుడూ భయపడని నేను, ఆ బర్రె పడిపోతే ఈ ఇంట్లో మళ్లీ అన్నం ఎలా తినడమని మొదటిసారి నిజంగా భయపడ్డాను.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. మెల్లగా సారు, కళ్లద్దాల ఆఫీసరు, ఇంకొకాయన, వెనక బ్యానరు. షామియానా కింద అరవై మంది దాకా రైతులు. అందరికీ సంగతి అప్పటికే తెలుసు, సారుకు తప్ప. మైకు నా చేతికిచ్చి, "పాల దిగుబడి వివరాలు చెప్పమ్మా" అన్నారాయన. చూపించడానికి రాసుకొచ్చిన చార్టు చంకలో ఉంది. దాన్ని విప్పలేదు. "గడ్డలు ఎట్ల పెట్టాలెనో నేను మీకు మస్తు సార్లు చెప్పిన" అన్నాను, "ఎట్ల పెట్టొద్దో చూడాలంటే మా ఇంటికి రండి." నవ్వులు మొదలయ్యాయి. జరిగినదంతా చెప్పాను. ఎవరెన్ని పెట్టారో పేరుపేరునా చెప్పాను. సారు మొహం చూడకుండా చెప్పాను. ముగించేసరికి షామియానా ఖాళీ అయిపోయింది. జనమంతా లేచి మా వాకిలి వైపు నడుస్తున్నారు, ఆఫీసర్లు వాళ్ల వెనక.

మా వాకిట్లో కళ్లద్దాల ఆఫీసరుకు ఫోటో కావాల్సి వచ్చింది. బాయి దగ్గర్నుంచి తెప్పించిన నున్నటి గడ్డ ఒకటి చేత్తో ఎత్తి పట్టుకుని, దొరసాని పక్కన నిలబడి, కెమెరా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. పొద్దున్నుంచీ తల ఎత్తని దొరసాని ముక్కు కదిలింది. మెడ సాగింది. మామ పలుపు గుంజేలోపే గడ్డ సగం దాని నోట్లో ఉంది, సగం ఆఫీసరు చేతిలో ఉంది. ఆయన ప్రభుత్వ ఆస్తి అనుకున్నాడో ఏమో వదల్లేదు. ఆమె అసలే వదల్లేదు. "వదులుండ్రి సార్!" అని కొందరు, "వదలకుండ్రి సార్!" అని మేము. అత్తమ్మ మధ్యలోకి దూరి, చీర కొంగు నడుముకు చుట్టి, బర్రె నోట్లో చేయి పెట్టి గడ్డ లాగేసింది. ఆఫీసరు రెండడుగులు వెనక్కి తూలి కుడితి గోలెం అంచు మీద కూర్చున్నాడు. డాక్టరు ఒక్కడే గట్టిగా నవ్వాడు. "ఆకలైంది! బర్రె బతికింది. ఇయ్యాల రేపు ఎండు గడ్డే పెట్టుండ్రి."

అత్తమ్మ దాని మెడ పట్టుకుని అందరి ముందూ ఏడ్చేసింది. కాసేపటికి, నాతో గడ్డల మీద పరాచికాలాడిన ఆ పాల సెంటర్ పెద్దమనిషే ముందుకొచ్చి, "మేడం, సావుబతుకుల కాడ గూడ దీనికోసం కొట్లాడుతాందంటే గీ గడ్డల ఏదో ఉన్నది. నాకు రెండు గుంటలకు ఇత్తులియ్యి" అన్నాడు. ఆ రోజు తెచ్చిన పొట్లాలన్నీ పోయాయి. కుడితి వాసనతోనే కళ్లద్దాల ఆఫీసరు జీపు ఎక్కాడు. మెల్లగా సారు కిటికీలోంచి తల బయటపెట్టి, "కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉంటది. ఈసారి తూకం మిషన్ వాడు" అన్నారు.

సాయంత్రం పూట అవ్వ పక్కన కూర్చుని కాళ్లు పిసుకుతుంటే, ఆమె అటూ ఇటూ చూసి నన్ను దగ్గరికి పిలిచింది. "రెండు గాదే, ఐదు" అంది చెవిలో. "మీ అత్తకు చెప్పకు." నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నానంటే అత్తమ్మ పుస్తకాలు చదవదన్న ధైర్యంతోనే.

ఆ పథకం రెండు చలికాలాలు నడిచి, ఆ తర్వాత విత్తనాలు రాక ఆగిపోయింది. నేను ఆ తర్వాత మహబూబ్‌నగర్ వైపు వచ్చేశాను. ఇప్పుడు నేను చెప్పే మాట ఏదైనా రైతులు నమ్ముతారు, ఎందుకంటే 'కావచ్చు', 'చూద్దాం', 'నేల రకాన్ని బట్టి' అని తప్ప ఇంకోలా మాట్లాడను. ఎవరి బర్రె డొక్కా ఉబ్బలేదు. ఈ మధ్య నా కోసం ఎవరైనా ఏదైనా చేస్తే ముందే ఫోన్ చేసి చెప్తారు, చేశాక ఫోటో తీసి పంపుతారు. చెప్పకుండా, చేతులకు మట్టి అంటించుకుని, దొరికిపోయినప్పుడు నేల చూపులు చూస్తూ నిలబడినవాళ్లు మళ్లీ ఎక్కడా తగల్లేదు. ఆ కొట్టంలో నిలబడ్డ నలుగురిలో అందరికన్నా తెలివితక్కువది డిప్లొమా ఉన్నదే. అయినా ఒక్కోసారి చలి పొద్దుల్లో ఆఫీసుకు బయలుదేరుతుంటే, ఒక గడ్డతో జిల్లా మొత్తాన్ని మార్చేస్తానని నమ్మిన ఆ పిల్ల స్కూటీ ఆపి వెనక ఎక్కమంటే బాగుండునని అనిపిస్తుంది. ఎక్కడికని అడగకుండా ఎక్కేస్తాను.